'రెప్రిహెన్సిబుల్' అన్న మాట మామూలు ఇంగ్లీషులో వాడొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మూడు వారాలు కూర్చుని మీరు తయారుచేసిన టెస్ట్ రిపోర్టును పక్క సీటతను తన పేరు పెట్టుకుని క్లయింటుకు పంపేశాడు. మీకు ఒళ్ళు మండి టీమ్ గ్రూపులో 'దిస్ ఈజ్ రెప్రిహెన్సిబుల్' అని ఒక్క ముక్క రాశారు. ఇరవై మంది ఉన్న గ్రూపులో ఒక్కరూ పలకలేదు. సాయంత్రం మేనేజరు మిమ్మల్నే పిలిచి 'కాస్త తగ్గించి మాట్లాడండి' అన్నారు. డిక్షనరీలో 'నిందించదగిన' అని ఉంది, అతను చేసింది నిందించదగిన పనే, మరి నా తప్పేంటి అని అడుగుతున్నారు.

వ్యాకరణంలో తప్పు లేదు. అర్థంలోనూ లేదు. నేను ముప్ఫై ఏళ్ళు డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి, రిటైరయ్యాక సాఫ్ట్‌వేర్ పిల్లల ఈమెయిళ్ళు దిద్దుతున్నవాణ్ణి. చిన్న చోట బరువైన మాట వాడే ఈ జబ్బు నాకు బాగా తెలుసు. ఒకప్పుడు నాకూ ఉండేది, ఆ కథ కొంచెం ఆగి చెబుతాను.

ముందు అదే మాట తెలుగులో అని చూడండి. 'రెప్రిహెన్సిబుల్'కు దాదాపు సరితూగే తెలుగు మాట 'గర్హనీయం'. సంపాదకీయాల్లో కనబడుతుంది, పార్టీ తీర్మానాల్లో కనబడుతుంది. మీ స్నేహితుడు మీ టిఫిన్ బాక్సు ఖాళీ చేసేస్తే 'నీ చర్య గర్హనీయం' అంటారా? 'ఛీ, ఇదేం పనిరా' అంటారు. ఇంకా కోపమొస్తే 'సిగ్గు లేదూ' అంటారు. 'గర్హనీయం' అన్నారంటే వాడు తినడం ఆపి, ఇవాళ ఏ పేపరు చదివొచ్చావని అడుగుతాడు. మీ గ్రూపులో జరిగింది అదే. ఇంగ్లీషు కాబట్టి ఆ ఎబ్బెట్టు మీ చెవికి తగల్లేదు.

ఎందుకు తగల్లేదంటే, ఆ మాట మీకు ఎవరి నోటా వినబడి రాలేదు, జాబితాలోంచి వచ్చింది. మన దగ్గర పెద్ద ఇంగ్లీషు మాటలు చాలామందికి అమెరికా పైచదువుల కోసం రాసే జీఆర్ఈ పరీక్ష కోచింగులోనే మొదట పరిచయం. 2011 ఆగస్టుకు ముందు ఆ పరీక్షలో వ్యతిరేక పదాల ప్రశ్నలుండేవి. ఒక మాట ఇచ్చి దానికి ఎదురు మాట పట్టుకోమనేవారు, చుట్టూ వాక్యం ఉండేది కాదు. ఆ అవసరానికి తగ్గట్టే మాటకో ముక్క అర్థం చొప్పున జాబితాలు పుట్టాయి. పరీక్ష మారి ఆ ప్రశ్నలు పోయాయి గానీ జాబితాలు పోలేదు, ఫోన్లలో పీడీఎఫ్‌లై తిరుగుతూనే ఉన్నాయి. 'రెప్రిహెన్సిబుల్: నిందించదగిన', 'హేనస్: ఘోరమైన', 'డిప్లోరబుల్: శోచనీయమైన'. అన్నీ ఒకే వరుసలో, ఒకే సైజు అక్షరాల్లో. తూకం రాళ్ళన్నీ ఒకే బుట్టలో పోసి ఇచ్చినట్టు. ఏది పావుకిలో, ఏది పది కిలోలో ఏ రాయి మీదా రాసుండదు.

ఇప్పుడు నా కథ. ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను హాస్టల్ వార్డెన్ని చేశారు. మెస్‌లో సాంబారు నీళ్ళలా ఉంటోందని పిల్లలు గోల. ప్రిన్సిపాలుకి ఇంగ్లీషులో బ్రహ్మాండమైన ఉత్తరం రాశాను. అందులో 'ది హేనస్ కండిషన్ ఆఫ్ ది సాంబార్' అని ఒక వాక్యం. ఆయన పాతకాలపు మనిషి, ఎర్ర పెన్సిలు చేతిలో లేకుండా ఏ కాగితమూ చదివేవాడు కాదు. పిలిచి కూర్చోబెట్టి, 'హేనస్' కింద గీత గీసి, 'సాంబారు ఎవరిని చంపిందోయ్?' అన్నాడు. అంతే, ఇంకేం అనలేదు. అప్పుడు నాకు తెలిసింది ఇంగ్లీషులో ఈ మాటలు రెండు కొట్లలో ఉంటాయని.

ఒక కొట్లో ఉన్నవి సరుకు బాగోలేదని చెప్పేవి. టెరిబుల్, హారిబుల్, ఆఫుల్, అట్రోషియస్, అపాలింగ్. ఇవన్నీ ఒకప్పుడు పెద్ద మాటలే. 'ఆఫుల్' అంటే దేవుడి ముందు నిలబడ్డప్పుడు కలిగే భయభక్తులు కలిగించేది. వాడి వాడి అరిగిపోయి ఇప్పుడు కాఫీకి కూడా తగిలిస్తున్నారు. మనకూ అంతే కదా. 'దారుణం' అన్న మాట కూరలో ఉప్పు ఎక్కువైనా వస్తుంది. 'అరాచకం' అయితే మరీ చిత్రం, రాజు లేని దేశంలో జరిగే ఘోరం కాస్తా ఇవాళ కుర్రాళ్ళ నోట మెచ్చుకోలు. 'బిర్యానీ అరాచకం మామా' అంటే ఇంకో ప్లేటు చెప్పమని.

రెండో కొట్లోవి మనిషి బుద్ధి మీద తీర్పు చెప్పేవి. రెప్రిహెన్సిబుల్, డెస్పికబుల్, హేనస్, వైల్. ఇవి వాడాలంటే ఎవరో ఒకరు తెలిసి, కావాలని, చెడ్డపని చేసుండాలి. ఆలస్యంగా వచ్చిన కొరియరు 'టెరిబుల్' అవుతుంది, 'రెప్రిహెన్సిబుల్' కాదు. అందులోని మందుల్ని తీసి అమ్ముకున్నవాడి పని 'రెప్రిహెన్సిబుల్' అవుతుంది. ఈ మాటకు లాటిన్లో మూలం 'వెనక్కి పట్టి లాగడం'. తప్పు చేసి పోతున్నవాణ్ణి చొక్కా పట్టుకుని నిలదీయడం అనుకోండి, బాగా గుర్తుంటుంది. సాంబారుకి చొక్కా ఉండదు.

'హేనస్' గురించి ఇంకొక్క మాట. మనవాళ్ళు చాలామంది దీన్ని 'హీనస్' అంటారు. సంస్కృతం 'హీనం' మన నాలుక మీద ముందే కూర్చుని ఉంది, అర్థం కూడా పక్కపక్కనే ఉన్నట్టుంది, ఇక తప్పు దొర్లకేం చేస్తుంది? రెంటికీ చుట్టరికం లేదు. అది పాత ఫ్రెంచిలో 'ద్వేషం' అన్న మాట నుంచి వచ్చింది, పలకడం 'హేనస్' అనే. మన దేశంలో ఈ మాటకు చట్టం కొలత కూడా పెట్టింది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం కనీస శిక్ష ఏడేళ్ళు, ఆపైన ఉన్న నేరాలే 'హేనస్'. ఆ కనీసం అన్నది ఎంత ముఖ్యమంటే, గరిష్ఠ శిక్ష ఏడేళ్ళు దాటినా కనీస శిక్ష అంటూ రాసి లేని నేరాల్ని ఏం చేయాలని సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 2020లో కోర్టు అవి 'హేనస్' కిందికి రావు, 'సీరియస్' కిందికి వస్తాయని తేల్చింది. ఒక విశేషణం ఏది అన్నదాని మీద, పదహారు దాటిన పిల్లవాణ్ణి పెద్దవాడిలా విచారించవచ్చా లేదా అన్నది ఆధారపడుతుంది. అలాంటి మాటను మెస్ సాంబారు మీద పోశాను నేను.

'అట్రోషియస్'తో మనకు ఇంకో ఇబ్బంది ఉంది, ఇది ఇంగ్లీషువాళ్ళకు లేదు. వాళ్ళకు 'అట్రోషియస్ హ్యాండ్‌రైటింగ్', 'అట్రోషియస్ వెదర్' మామూలు మాటలు, చేతిరాత కోడికాళ్ళలా ఉందని, వాన విసిగిస్తోందని. కానీ అదే కుటుంబంలోని 'అట్రాసిటీ' అరగలేదు, మారణకాండలకే వాడతారు. మన దగ్గర 1989 చట్టం వల్ల 'అట్రాసిటీ కేసు' అన్నది ఏ పల్లెలో అడిగినా తెలిసిన తెలుగు మాటే అయిపోయింది. అంచేత మనవాళ్ళకు 'అట్రోషియస్' వినగానే పోలీస్ స్టేషను గుర్తొస్తుంది. మీ అమెరికా లీడు 'యువర్ స్లైడ్స్ ఆర్ అట్రోషియస్' అంటే కంగారు పడకండి, ఫాంటు బాగోలేదని.

దీనికి సరిగ్గా తిరగేసిన కేసు 'పథెటిక్'. మన ఇంగ్లీషులో అది జాలి మాట. 'పేషెంట్ కండిషన్ ఈజ్ పథెటిక్' అని ఎంతో బాధపడుతూ అంటాం. అవతలివాళ్ళ రోజువారీ ఇంగ్లీషులో అది దాదాపు ఛీత్కారం, 'నీ బతుకూ ఒక బతుకేనా' అన్నంత. ఉద్యోగం పోయిన సహోద్యోగికి ఓదార్పుగా 'యువర్ సిట్యుయేషన్ ఈజ్ పథెటిక్' అని మెయిలు పెట్టిన ఒక శిష్యుడు నాకున్నాడు. పాపం, అతని మనసు వెన్న. అవతలి వ్యక్తి ఏడాది మాట్లాడలేదు.

ఇక 'కండెమ్'. విశేషణం కాకపోయినా చెప్పకుండా వదలలేను, ఎందుకంటే దీంట్లో మన తెలుగే మనల్ని ముంచుతుంది. మనకు 'ఖండించడం' అంటే రెండున్నాయి. దాడిని ఖండించారు అంటే తప్పుబట్టారని. ఆరోపణల్ని ఖండించారు అంటే నిజం కాదన్నారని. ఇంగ్లీషులో మొదటిది 'కండెమ్', రెండోది 'డినై'. మనవాళ్ళు రెంటికీ 'కండెమ్' రాసేస్తారు. 'ఐ కండెమ్ ది అలిగేషన్స్ ఎగెనెస్ట్ మీ' అని హెచ్‌ఆర్‌కి రాస్తే, వాళ్ళకు మీరు ఆరోపణ చేసినవాళ్ళను తిడుతున్నారని అర్థమవుతుంది, 'నేను ఆ పని చేయలేదు' అన్న అసలు ముక్క ఎక్కడా ఉండదు. (ఆర్టీసీ డిపోలో 'కండెం బస్సు' అన్నది వేరే సంగతి, అది శుద్ధమైన ఇంగ్లీషు వాడుకే.)

సరే, ఈ బరువైన మాటలు ఎక్కడ పనికొస్తాయి? దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ జలియన్‌వాలా బాగ్. ఒకే ఘటనకు బ్రిటిష్‌వాళ్ళు వందేళ్ళలో ఏయే విశేషణాలు వాడారో వరసగా చూడండి. 1920 జులై 8న కామన్స్ సభలో అప్పటి యుద్ధ మంత్రి చర్చిల్ అది 'మాన్‌స్ట్రస్' అన్నాడు, రాక్షసం. 1997లో ఎలిజబెత్ రాణి అమృత్‌సర్ వెళ్ళే ముందు ఢిల్లీ విందులో 'డిస్ట్రెసింగ్' అంది. 2013లో అక్కడికి వెళ్ళిన ప్రధాని కామెరాన్ సందర్శకుల పుస్తకంలో 'డీప్లీ షేమ్‌ఫుల్' అని రాశాడు. 2019లో, వందేళ్ళు నిండే వారంలో, అప్పటి ప్రధాని థెరెసా మే పార్లమెంటులో 'షేమ్‌ఫుల్ స్కార్' అంది, సిగ్గుపడాల్సిన మచ్చ అని.

ఈ నాలుగు మాటల్నీ క్లాసులో బోర్డు మీద రాసి, వీటిలో ఏది గట్టిది అని అడిగేవాణ్ణి. అందరూ 'మాన్‌స్ట్రస్' అనేవారు. గట్టిదే, కాని ఆ మాట ఎటు చూస్తోందో గమనించండి. రాక్షసం అన్నామంటే మనుషుల లెక్కలోంచి తీసేశామని. చర్చిల్ ఆ వెంటనే అది ఎక్కడా పోలిక లేని, ఒంటరిగా నిలబడ్డ ఘటన అన్నాడు, మా పరిపాలన అంతా ఇలాంటిది కాదు సుమా అని చెప్పడానికి. రాణి మాట మెత్తనిది, 'డిస్ట్రెసింగ్' అంటే తలుచుకున్నవాళ్ళకు బాధ కలుగుతుందని, చేసినవాడు అందులో కనబడడు. 'షేమ్‌ఫుల్' చూడ్డానికి 'మాన్‌స్ట్రస్' కంటే చిన్నదే గాని సిగ్గు ఎవరిదో చెప్పక తప్పదు, కామెరాన్ 'బ్రిటిష్ చరిత్రలో' అని రాశాడు కాబట్టి అది వాళ్ళదే అయింది. అయినా నలుగురిలో ఎవరూ 'క్షమించండి' అన్న ఒక్క మాట దగ్గరికి రాలేదు. విశేషణం ఎంత పెద్దదైనా అది క్రియ పని చెయ్యదు. మే చేత 'అపాలజీ' అనిపించాలని అదే సభలో అడిగినవాళ్ళు ఉన్నారు, ఆమె 'రిగ్రెట్' దగ్గరే ఆగిపోయింది.

అంటే ఈ మాటలు రికార్డు కోసం. శాసనసభలో, తీర్పులో, సంపాదకీయంలో, విచారణ కమిటీ నివేదికలో. పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసిన మర్నాడు, 1941 డిసెంబరు 8న, అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆ దాడిని 'డాస్టర్డ్‌లీ' అన్నాడు. ఆ మాట ఇవాళ మామూలు సంభాషణలో దాదాపు లేదు. మన పత్రికల ఇంగ్లీషులో మాత్రం నిక్షేపంగా ఉంది, ఎక్కడ బాంబు పేలినా నాయకుల ప్రకటనలో అది ఉండాల్సిందే. తెలుగు పేపర్లో 'పిరికిపంద చర్య' అని వచ్చేది సరిగ్గా దాని తర్జుమాయే, ఎందుకంటే దాని అసలర్థం క్రూరమైన అని కాదు, పిరికి అని.

ఇంకో జాగ్రత్త. బరువు మాట పని మీద పెట్టండి, మనిషి మీద కాదు. దీని ఖరీదు ఎంతో 2016లో ప్రపంచమంతా చూసింది. ఆ సెప్టెంబరు 9న న్యూయార్కులో నిధుల సేకరణ సభలో, అధ్యక్ష ఎన్నికల్లో ట్రంప్ మీద పోటీ చేస్తున్న హిల్లరీ క్లింటన్, ట్రంప్ మద్దతుదారుల్లో సగం మందిని 'డిప్లోరబుల్స్' బుట్టలో వేయొచ్చు అంది. 'డిప్లోరబుల్' అంటే ఏడవదగ్గది. మన 'శోచనీయం' కూడా అచ్చం అలా కట్టిన మాటే, జాబితాలో సరిగ్గా కుదిరిన అర్థం ఇదొక్కటి. అలవాటుగా అది పరిస్థితులకు తగిలించే మాట, కూలీల గుడిసెలు, జైలు గదులు. ఆమె దాన్ని తీసుకెళ్ళి మనుషులకు తగిలించి, పైగా బహువచనం చేసింది. మర్నాడు 'సగం' అన్నందుకు విచారిస్తున్నానంది గాని అప్పటికే ఆలస్యమైంది. అవతలివాళ్ళు ఆ మాటను టీషర్టుల మీద అచ్చేయించుకుని ఛాతీ విరుచుకుని తిరిగారు.

ఇక్కడిదాకా వచ్చాక ఒక తమాషా చెప్పాలి. రోజువారీ ఇంగ్లీషులో ఈ మాటలు అసలు వినబడవని కాదు, వినబడతాయి, కాని ఎక్కువగా హాస్యానికి. ఆఖరి కేకు ముక్క తిన్నవాణ్ణి చూసి 'యూ ఆర్ డెస్పికబుల్' అంటారు. మనం 'నేను రాకముందే మామిడికాయ పప్పు అయిపోవడాన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను' అనడం లాంటిదే. అది పండాలంటే నేరం చిన్నది కావాలి, మనుషులు దగ్గరివాళ్ళు కావాలి. మీ గ్రూపులో రెండూ లేవు. నేరం నిజమైనది, చూస్తున్నవాళ్ళు ఇరవై మంది. నవ్వాలో, విచారణ జరగబోతోందో ఎవరికీ తెలియలేదు. అందుకే ఆ మౌనం.

మరి నిజంగా కోపమొస్తే ఇంగ్లీషు సొంత భాష అయినవాళ్ళేమంటారు? చిన్న చిన్న మాటలు. పిల్లలైతే 'దట్స్ మీన్'. అమెరికాలో బడికెళ్ళే మన పిల్లలు ఇంటికొచ్చి 'షీ వాజ్ మీన్ టు మీ' అంటే ఇక్కడి అమ్మమ్మలకు 'మీన్ అంటే అర్థం కదా' అని అయోమయం. అది బాగా బాధపడ్డప్పుడు చెప్పే మాట. పెద్దవాళ్ళు 'దట్ వాజ్ ఎ లో థింగ్ టు డూ' అంటారు, 'రాటెన్' అంటారు, ఆఫీసులో 'దట్ వాజ్ నాట్ ఓకే' అంటారు. బ్రిటన్లో 'దట్ వాజ్ ఔట్ ఆఫ్ ఆర్డర్' అంటారు. మనకది లిఫ్టుకు తగిలించే బోర్డు, వాళ్ళకు హద్దు దాటావని హెచ్చరిక. అమెరికా మేనేజరు 'దట్స్ అనాక్సెప్టబుల్' అని మెల్లగా అన్నాడంటే ఇక అంతకంటే పైమెట్టు ఆఫీసులో లేదు, తర్వాతిది హెచ్‌ఆరే. మనకు ఆ మాట చప్పగా వినబడుతుంది, దాన్ని నమ్మకండి.

బ్రిటిష్ ముసలివాళ్ళ సంగతి మాత్రం వేరు. రైలు పదిహేను నిమిషాలు ఆలస్యమైతే 'అబ్సల్యూట్‌లీ డిస్‌గ్రేస్‌ఫుల్' అంటారు. అది మొదటి కొట్లోకి జారిపోయిన మాట. దాన్ని చూసి 'రెప్రిహెన్సిబుల్' కూడా అనొచ్చనుకోకండి, అదింకా జారలేదు. వాడాల్సి వస్తే 'మోరల్లీ రెప్రిహెన్సిబుల్' అనో 'అటర్లీ' అనో తోడు పెట్టి రాస్తారు. 'వెరీ వెరీ' దాని పక్కన నిలవదు.

మీ విషయానికొస్తే, నేనైతే ఆ మాటను దాచుకునేవాణ్ణి. రేపు ఇతను ఇదే పని ఇంకో ఇద్దరికి చేశాడని తేలి, హెచ్‌ఆర్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాల్సి వస్తే, తేదీలూ ఫైళ్ళూ అన్నీ పెట్టాక చివర ఒక్కసారి వాడండి, అక్కడ అది బరువుగా కూర్చుంటుంది. ఇప్పటికి అతనికి నేరుగా, మేనేజరును కాపీలో పెట్టి, ఇలా రాయండి: 'ఐ వాజ్ సర్‌ప్రైజ్డ్ టు సీ ది రిపోర్ట్ ఐ రోట్ గో ఔట్ అండర్ యువర్ నేమ్. కెన్ యూ కరెక్ట్ దట్ విత్ ది క్లయింట్ టుడే?' నిందించే విశేషణం ఒక్కటీ లేదు, చూశారా. 'ఆశ్చర్యపోయాను' అన్న మాటకు అతని దగ్గర ఎదురు జవాబు ఉండదు. 'టుడే' అన్నదానికి మాత్రం జవాబు ఇచ్చి తీరాలి.

గ్రూపులో పెట్టిన మెసేజ్ తీసేయాలా అని కూడా అడిగారు. వద్దు. అందరూ చూసేశారు, ఇప్పుడు తీసేస్తే తీసేశారన్న గుర్తు మిగిలి ఇంకో చర్చ మొదలవుతుంది. క్షమాపణ చెప్పాలనిపిస్తే మాటకు చెప్పండి, ఫిర్యాదుకు చెప్పకండి. 'పూర్ చాయిస్ ఆఫ్ వర్డ్ ఆన్ మై పార్ట్, బట్ ది ఇష్యూ స్టాండ్స్' చాలు. మనవాళ్ళు మొదటి సగం రాసి రెండో సగం మొహమాటానికి మింగేస్తారు, మీరు మింగకండి. రిపోర్టు మీద మీ పేరు పడ్డాక ఇక్కడ ఒక ముక్క రాయండి.